సున్నా వచ్చిన బడి

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు మన పత్రికలలో రెండు సంఖ్యలు తప్పక దర్శనమిస్తాయి. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన పాఠశాలలు ఎన్ని అన్నది మొదటిది. ఒక్క విద్యార్థియైనా గట్టెక్కని పాఠశాలలు ఎన్ని అన్నది రెండవది. మొదటి జాబితాకు పూలదండలు, రెండవ జాబితాకు తాఖీదులు. ఆ సున్నా ఎట్లా వచ్చిందని అడిగేవారు కనబడరు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్లు, అంకె అచ్చయిందంటే చాలు, తీర్పు అయిపోయినట్లే. ఆ ఊరి బడి 'చెడ్డ బడి', అక్కడి పంతుళ్ళు 'జీతాలు తినే సోమరులు'. జూన్ నెల వచ్చేసరికి ఆ ఊళ్ళో నాలుగు డబ్బులున్న ప్రతి తండ్రీ పిల్లవాణ్ణి పచ్చ బస్సు ఎక్కించేస్తాడు. మిగిలిన పిల్లలతో, మిగిలిన పంతుళ్ళతో ఆ బడి మరొక మెట్టు దిగుతుంది.

ముప్పై యేళ్ళకు పైగా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ విషయంలో చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. మా శాస్త్రాలలో వాదానికి ఒక మర్యాద ఉన్నది. ముందు పూర్వపక్షం, అనగా ఎదుటివాని మాటను, వాడు తానై చెప్పుకొన్నంత బలంగా చెప్పాలి. ఆ తరువాతే సిద్ధాంతం. ఆ మర్యాదనే పాటిస్తాను.

పూర్వపక్షం ఇది. ప్రభుత్వ పాఠశాల ప్రజల సొమ్ముతో నడుస్తున్నది కాబట్టి దాని ఫలితం తెలుసుకొనే హక్కు ప్రజలకున్నది. ప్రశ్నపత్రం రాష్ట్రమంతటికీ ఒక్కటే, దిద్దేది పరాయి జిల్లా వారో, ఏ బడి పత్రమో తెలియని వారో. ఇంతకంటె నిష్పక్షపాతమైన కొలత ఏమున్నది? ఫలితం తక్కువ వచ్చిన ప్రతి పంతులూ పేదరికమనీ, వలసలనీ, ఖాళీలనీ చెబుతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నదిదే కదా!

ఈ వాదంలో మొదటి భాగం నాకు పూర్తిగా సమ్మతం. అంకెలు దాచమని నేను ఎన్నడూ అనను. పాఠం చెప్పని పంతులును వెనకేసుకొని రావడానికి నేనీ టపా వ్రాయడం లేదు. అటువంటివారు ఉన్నారు, వారిని నేనూ ఎరుగుదును. నా తగవు వేరే చోట ఉన్నది. ఉత్తీర్ణతా శాతమనే అంకె పాఠశాలను కొలుస్తున్నదని వీరు నమ్ముతున్నారు. ఆ అంకె కొలిచేవి అనేకం. వాటిలో పాఠశాల పనితనం ఒకటి మాత్రమే, అదీ చిన్న పాలు.

ముందుగా రాష్ట్రపు లెక్కలే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. 2020, 2021 సంవత్సరాలలో మహమ్మారి వల్ల పరీక్షలే లేవు, అందరూ ఉత్తీర్ణులే. 2022లో పరీక్ష జరిగింది, 67.26 శాతం వచ్చింది. ఆ యేడు ఒక్కరూ ఉత్తీర్ణులు కాని బడులు 71. మూడేళ్ళలో రాష్ట్రంలోని ఉపాధ్యాయులందరూ ఒక్కసారిగా చదువు చెప్పడం మరచిపోయారా? మరవలేదు. అంతర్గత మార్కులు పోయాయి, పేపర్లు పదకొండు నుండి ఏడుకు తగ్గి స్వరూపం మారింది. అన్నిటికీ మించి, ఆ పిల్లలు ఎనిమిదవ తరగతి చివరలోనూ తొమ్మిదిలోనూ బడి ముఖం సరిగా చూడలేదు. సెల్‌ఫోను లేని ఇంటి పిల్లవానికి ఆ కాలం ఏ చదువూ లేని కాలం.

తరువాతి యేళ్ళు చూడండి. నూరు శాతం సాధించిన బడులు 2023లో 933, 2024లో 2,803, 2025లో 1,680. ఒక్క యేడులో మూడింతలైన ఘనత మరుసటి యేట దాదాపు అయిదింట మూడు వంతులకు జారింది. 2024లో దండలు వేయించుకొని 2025లో ఆ జాబితాలో స్థానం కోల్పోయిన బడులు కనీసం పదకొండు వందల పైచిలుకు. ఆ బడులలో గోడలు అవే, పంతుళ్ళలో చాలామంది వారే. 2025లో పదవ తరగతికి కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయన్న సంగతి మాత్రం దండ తీసేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. గజంబద్ద పొడవే ఏటేటా మారుతుంటే, గుడ్డ పెరిగిందనో తరిగిందనో దర్జీని సన్మానించడం, దండించడం ఎంతటి వివేకం?

ఇక చిన్న బడి సంగతి. పది మంది పదవ తరగతి పిల్లలున్న బడిలో ఒక్క పిల్ల పరీక్షనాడు జ్వరపడితే పది శాతం పోయినట్లే. రెండు వందల మంది ఉన్న బడిలో అదే జ్వరం విలువ అర శాతం. అయిదు నాణేలు ఎగురవేస్తే ముప్పై రెండు సార్లకొకసారి అయిదూ బొమ్మలే పడతాయి, అంతే తరచుగా అయిదూ బొరుసులే పడతాయి. యాభై నాణేలు ఎగురవేసి అన్నీ బొమ్మలే పడటం చూడాలంటే ఒక జీవితం చాలదు. కాబట్టి కొనల రెండింటా, నూరు జాబితాలోనూ సున్నా జాబితాలోనూ, చిన్న బడులు ఎక్కువగా చేరే అవకాశం లెక్కలోనే ఉన్నది. నిరుడు దండ వేయించుకొన్న బడి ఈ యేడు తాఖీదు అందుకొంటే అది పంతుళ్ళ పతనమే కానక్కరలేదు. మా గణితోపాధ్యాయ మిత్రులు తొమ్మిదవ తరగతి పిల్లలకు చెప్పే సంభావ్యతా పాఠం అధికారుల దాకా వెళ్ళకపోవడం విచారకరం.

అన్నిటికంటె పెద్ద మోసం హారంలో ఉన్నది. భిన్నానికి లవమూ హారమూ రెండూ ఉంటాయి గదా! మనం లవాన్నే చూస్తాము. ఊహకు రెండు బడులు తీసుకోండి. రెండింటా ఆరవ తరగతిలో అరవై మంది చొప్పున చేరారు. మొదటి బడి నుండి పదవ తరగతి పరీక్షకు 38 మంది కూర్చున్నారు, 36 మంది గట్టెక్కారు. దాదాపు 95 శాతం. రెండవ బడి నుండి 58 మంది కూర్చున్నారు, 44 మంది గట్టెక్కారు. దాదాపు 76 శాతం. పత్రికలో మొదటిది ఆదర్శ పాఠశాల, రెండవది వెనుకబడిన పాఠశాల. కాని చేరిన అరవై మందిలో గట్టు చేర్చినది మొదటిది 36 మందిని, రెండవది 44 మందిని. మొదటి బడిలో ఆ మిగిలిన ఇరవై ఇద్దరూ ఏమయ్యారు? ఈ ప్రశ్న ఏ ఫలితాల పట్టికా అడగదు.

వారు ఏమవుతారో పంతులైన ప్రతివానికీ తెలుసు. తొమ్మిది ముగిసేసరికి తండ్రిని పిలిపించి, "మీవాడు ఇక్కడ గట్టెక్కడు, టీసీ తీసుకొని వేరే బడికి పొండి" అని మెత్తగా చెబుతారు. "ఓపెన్ స్కూల్లో కట్టించండి, తేలిక" అని సలహా చెబుతారు. కొన్నిచోట్ల హాజరు చాలలేదంటూ నామినల్ రోలులో పేరే వ్రాయరు. ఇటువంటి ఏరివేత ప్రైవేటు బడులలో ఎక్కువ, వారికి అడిగేవారు లేరు కాబట్టి. అట్లా ఏరివేసిన పిల్లవాడు ఎక్కడికి వస్తాడు? ఊరి సర్కారు బడికే. అది ఎవరినీ కాదనరాదు. వాని తప్పిన మార్కులు ఈ బడి లెక్కలోకే వస్తాయి. వరి తూర్పారబట్టి గింజలు ఒకరు పట్టుకొనిపోయి, పొల్లు పక్కవాని కళ్ళంలో పోసి, ఎవరి పంట మంచిదో చూడండి అన్నట్లున్నది ఈ పోటీ. పిల్లలు పొల్లు కారు. ఆ మాట అంటున్నది ఆ పట్టిక.

ఏరివేత పదవ తరగతిలోనే మొదలు కాదు. నాలుగో అయిదో ముగియగానే చురుకైన పిల్లలు ప్రవేశ పరీక్షలు వ్రాసి నవోదయకు, గురుకులాలకు, ఆదర్శ పాఠశాలలకు వెళతారు. వెళ్ళడం మంచిదే, నేనే దగ్గరుండి దరఖాస్తులు నింపించాను. స్తోమత ఉన్నవారు ప్రైవేటుకు వెళతారు. అన్ని జల్లెడలూ పట్టిన తరువాత ఊరి ఉన్నత పాఠశాలకు వచ్చేవారు ఎవరు? బడికి వచ్చేముందు పశువులకు మేత వేసి వచ్చేవారు, తమ్ముణ్ణి చంకనేసుకొని వచ్చేవారు. వీరిని గురుకులం పిల్లలతో ఒకే పట్టికలో పేర్చి ర్యాంకులు వేస్తారు. ఒకే మార్కు అందరికీ ఒకే అర్థం కాదని ప్రభుత్వానికి తెలియదా అంటే తెలుసు. 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మన ట్రిపుల్ ఐటీలు, ప్రవేశాలలో వసతి లేని సర్కారు బడి పిల్లలకు గ్రేడు సగటుపై 0.4 కలిపాయి. ఆ బడిలో చదివి తెచ్చుకొన్న మార్కుకు విలువ ఎక్కువని ఒప్పుకోవడమే గదా అది! పిల్లవానికి ఒప్పుకొన్న సత్యాన్ని ఆ పిల్లవాని బడికి ఎందుకు ఒప్పుకోరు?

పంతుళ్ళ సంగతీ చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీయస్సీ తరువాత మళ్ళీ పెద్ద ఎత్తున నియామకాలు జరిగినది 2025లో, పదహారు వేల పైచిలుకు పోస్టులకు. తెలంగాణలో 2017 ప్రకటన తరువాత మళ్ళీ పెద్ద నియామకాలు 2024లో. ఏడేళ్ళు! ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు పది దాటి ఇంటర్మీడియటు కూడా ముగించే కాలం. ఈ లోపల పదవీ విరమణలు ఆగలేదు. ఏర్పడిన ఖాళీల భారం అందరిమీదా సమంగా పడదు. బదిలీల కౌన్సెలింగులో పట్టణానికి దగ్గరి బడులు ముందు నిండుతాయి. బస్సు పోని నాలుగవ కేటగిరీ ఊళ్ళు చివరకు మిగులుతాయి. అక్కడ గణితం చెప్పేవారు లేకపోతే 'సర్దుబాటు' అని పక్క మండలం నుండి వారానికి మూడు రోజులు ఒకరిని పంపుతారు, అదీ దసరా దాటాక. వేసవిలో ఫలితం వస్తుంది. గణితంలో తప్పిన పిల్లల లెక్క పక్కన 'జనవరి దాకా గణితోపాధ్యాయుడు లేడు' అన్న వాక్యం ఉండదు. లేని పంతులుకు తాఖీదు ఇవ్వలేరు కాబట్టి ఉన్న ప్రధానోపాధ్యాయునికి ఇస్తారు.

వలసల మాట సాకు అంటారా? కర్నూలు జిల్లా పడమటి మండలాలకు, కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాలకు, ఒకసారి చలికాలంలో వెళ్ళి చూడండి. పత్తి, మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు తరలిపోతాయి. ఇళ్ళకు తాళాలు, ముసలివారు అరుగుల మీద. బడుల వివరాలు సేకరించే యు-డైస్ లెక్కలకు ఏళ్ళ తరబడి సెప్టెంబరు 30 నాటి సంఖ్యయే ప్రమాణం. ఆ నాటికి పిల్లవాడు బడిలో ఉన్నాడు, లెక్కలో చేరాడు. కోతల కాలంలో మిరప చేలో ఉన్నాడు. మార్చిలో పరీక్ష. పట్టికలో చూస్తే వాడు ఏడాది పొడవునా ఆ బడి విద్యార్థియే, తప్పితే దోషం ఆ బడిదే. 2024లో ఉత్తీర్ణతలో కర్నూలు జిల్లా 62.47 శాతంతో అట్టడుగున నిలిచిందని తాటికాయంత అక్షరాలతో వేసినవారు ఈ తాళాల సంగతి ఎంత వ్రాశారో మీరే చూసుకోండి.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న న్యాయంగానే వస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లా పేదదే, గిరిజన ప్రాంతమే. 2023, 2024, 2025, మూడేళ్ళూ అదే రాష్ట్రంలో ప్రథమం. మరి పేదరికం అడ్డు రాలేదేమి? మన్యం పంతుళ్ళ కృషిని నేను మనసారా అభినందిస్తాను. కాని 2025లో రాష్ట్రంలో చివరన 47.64 శాతంతో నిలిచినది మరొక గిరిజన జిల్లాయే, అల్లూరి సీతారామరాజు జిల్లా. రెండూ కొండలే, రెండింటా ఆశ్రమ పాఠశాలలే. ఒకటి ఎందుకు పైన, ఒకటి ఎందుకు అడుగున? ఆ కారణం వెదకాలంటే ఎవరైనా ఆ కొండలెక్కి, బడిలో కూర్చొని, ఏ భాషలో పాఠం జరుగుతున్నదో, రాత్రి చదువు ఎట్లా సాగుతున్నదో, ఎన్ని పోస్టులు నిండాయో చూడాలి. శాతం ప్రశ్నను లేవనెత్తుతుంది. జవాబు చెప్పదు. మన వాళ్ళు ప్రశ్ననే జవాబుగా అచ్చువేస్తున్నారు.

ఇంతకూ ఈ అంకెను ఇట్లా కొలిస్తే పోయేదేమి, పంతుళ్ళు కాస్త భయపడి పని చేస్తారు గదా అంటారు కొందరు. భయపడి చేసే పని ఎట్లా ఉంటుందో నేను దగ్గర నుండి చూశాను. జిల్లా సమీక్షలలో శాతం తక్కువ వచ్చిన బడుల ప్రధానోపాధ్యాయులను, పదవీ విరమణకు రెండేళ్ళున్న వారిని, నిలబెట్టి అడుగుతారు. ఆ మరునాటి నుండి బడి మొత్తం పదవ తరగతి చుట్టూ తిరుగుతుంది. ఆరు, ఏడు తరగతుల పీరియడ్లు తీసి పదికి ఇస్తారు. అనగా నాలుగేళ్ళ తరువాతి పదవ తరగతిని నేడే చెడగొడతారు. తెలుగులో 'ఈ రెండు పద్యాలకు ప్రతిపదార్థం వస్తే చాలు, తక్కినవి వదిలెయ్' అని చెప్పించారు మాచేత. పద్యం నోటికి వచ్చిన పిల్లవానికి దాని రుచి తెలియదు, తెలియనిచ్చే తీరిక మాకు లేదు. 2022 పరీక్షల వేళ ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాపులో బయటికి పంపిన వ్యవహారంలో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులే అరెస్టయ్యారు. అమెరికాలోని అట్లాంటా నగరంలో పిల్లల జవాబులను పంతుళ్ళే దిద్ది మార్చిన కేసులో 2015లో పదకొండుగురు విద్యారంగంవారు దోషులుగా తేలారు. డొనాల్డ్ కాంబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు, ఒక సంఖ్యను ఎంతగా నిర్ణయాలకు ఆధారం చేసుకొంటే అంతగా ఆ సంఖ్యా చెడుతుంది, అది కొలవబోయిన పనీ చెడుతుందని. నేరం చేసినవారిని నేను సమర్థించను. ఆ నేరానికి బేరం పెట్టిన కొలతను మాత్రం ప్రశ్నిస్తాను.

బడులను పట్టికలలో పేర్చే అలవాటు బాగా ముదిరిన ఇంగ్లండులో ఈ వాదమంతా ముందే నడిచింది. అక్కడ 1992 నుండి ఫలితాల పట్టికలు అచ్చయ్యాయి. కేవలం చివరి ఫలితం చూస్తే సంపన్నుల పేటలోని బడే ఎప్పుడూ మంచి బడి అవుతున్నదని గ్రహించి, 2016లో పిల్లవాడు ప్రాథమిక విద్య ముగించిననాటి స్థాయి నుండి ఎంత ఎదిగాడో లెక్కించే కొలతను ముందుకు తెచ్చారు. దానికీ లోపాలు చూపినవారున్నారు. అయినా 'ఎక్కడ మొదలుపెట్టాడు?' అన్న ప్రశ్ననైనా అడిగారు. మనం అదీ అడగము.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఒక్క మాటలో చెబుతాను. ఎనిమిదవ తరగతికి వచ్చిన ఒక పిల్లవానికి ఒత్తులు చదవడం రాదు. 'విద్య' అని వ్రాసి చూపితే 'విద' అని ఆగిపోయేవాడు. తప్పు వానిది కాదు, ఏయేటికాయేడు పై తరగతికి నెట్టుకొంటూ వచ్చారు. రెండేళ్ళు సాయంకాలాలు కూర్చోబెట్టి గుణింతాల నుండి మొదలుపెడితే, పదవ తరగతి చివరకు వార్తాపత్రిక తడుముకోకుండా చదివాడు. ఇంటికి ఉత్తరం వస్తే చదివి చెప్పగలిగాడు. పరీక్షలో తెలుగు గట్టెక్కాడు, గణితంలో 35కు నాలుగు మార్కులు తక్కువై తప్పాడు. ఆ బడి శాతంలో వాని విలువ సున్నా. అంతకు ముందే అన్నీ వచ్చి, ట్యూషన్లు చదివి, గట్టెక్కిన పిల్లవాని విలువ ఒకటి. ఆ ఒకటి కంటె ఈ సున్నా వెనుక పంతుళ్ళ పని ఎక్కువ ఉన్నదంటే ఏ పట్టికా నమ్మదు.

ఛందస్సు చెప్పేవాణ్ణి కాబట్టి మా భాషలో చెబుతాను. గణాలు తప్పితే పద్యం తప్పే, నేను క్షమించను. కాని గణాలూ యతిప్రాసలూ సరిపోయినంత మాత్రాన అది కవిత్వం అయిపోదు. గణవిభజన చేసి కవికి ర్యాంకు వేసేవాణ్ణి మనం విమర్శకుడనము. ఉత్తీర్ణతా శాతం బడికి గణవిభజన వంటిది. కావలసినదే, చాలినది మాత్రం కాదు.

కాబట్టి నా సిద్ధాంతం అంకెలు తగ్గించమని కాదు, పెంచమని. ప్రతి ఉన్నత పాఠశాల ఫలితం పక్కన ఈ అయిదూ ప్రకటించాలి.

1. నాలుగేళ్ళ కిందట ఆరవ తరగతిలో చేరినవారు ఎందరు, వారిలో ఈ యేడు పరీక్షకు కూర్చున్నది ఎందరు, తక్కినవారు ఎక్కడ.

2. ఆరవ తరగతిలో చేరినప్పుడు చదవడం, వ్రాయడం, లెక్కలలో వారి స్థాయి.

3. ఆ యేడు ఏ విషయానికి ఉపాధ్యాయుడు ఎన్ని నెలలు లేడు.

4. పదవ తరగతిలో నెలవారీ హాజరు, ఒక్క సెప్టెంబరుది కాక పన్నెండు నెలలది.

5. ఒక్క యేటి శాతానికి బదులు మూడేళ్ళ మొత్తం, శాతంతో పాటు పిల్లల సంఖ్య.

ఇవన్నీ కొత్తగా సేకరించవలసినవి కావు. 2022-23 నుండి యు-డైస్ ప్లస్‌లో పిల్లవాని పేరుపేరునా వివరాలు ఎక్కిస్తున్నారు. పంతుళ్ళు పాఠం మాని సెల్‌ఫోనులో అవే నింపుతున్నారు. అంత కష్టపడి నింపిన లెక్కలలో ప్రభుత్వానికి జవాబుదారీతనం పెట్టేవి అటకెక్కి, పంతులుకు పెట్టేది మాత్రం మొదటి పేజీకెక్కడం ఎందువలన? మూడవ అంశం ప్రకటిస్తే తాఖీదు ఎవరికి వెళ్ళాలో అందరికీ తెలిసిపోతుంది. కారణం అదేనని నా అనుమానం.

ఈ అయిదూ చూసిన తరువాత కూడా ఒక బడి వెనుకబడే ఉన్నదంటే, పిల్లలూ ఉన్నారు, పంతుళ్ళూ ఉన్నారు, హాజరూ ఉన్నది, అయినా చదువు లేదంటే, అప్పుడు ఆ పంతుళ్ళను నిలదీయండి. ముందు వరుసలో నేనే ఉంటాను.

మిత్రులారా, మీలో చాలామంది ఊరు విడిచి దూరాన ఉన్నవారు, చదువుకొన్న బడిమీద మమకారం పోనివారు. మీ ఊరి బడికి ఈ యేడు తక్కువ శాతం వచ్చిందని వింటే వెంటనే పెదవి విరవకండి. ప్రధానోపాధ్యాయునికి ఫోను చేసి ఆ అయిదు ప్రశ్నలూ అడగండి. వచ్చిన జవాబులు మీ మీ బ్లాగులలో వ్రాయండి. బడిని తూచేవారు త్రాసు రెండు పళ్ళేలనూ చూసి తూచాలని అడగటానికి మనకు ఏ పదవీ అక్కరలేదు.